మూగజీవాల శీర్షిక: మలుపులు, చుట్లు, గిరికీలు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో రెండున్నరేళ్ల ల్యాబ్రడార్ మగకుక్క ఉంది. కూర్చోమన్నా, ఆగమన్నా, రమ్మన్నా చక్కగా వింటుంది. ర్యాలీ ఒబీడియన్స్ పోటీల వీడియోలు చూసి, అట్టముక్కల మీద గుర్తులు గీసుకుని, మా వీధి చివర ఉన్న ఖాళీ స్థలంలో మేమూ సాధన మొదలుపెట్టాం. తిన్నగా నడిచినంతసేపూ ఇబ్బంది లేదు. ఎడమకు తిరిగితే మాత్రం వచ్చి నా మోకాలికి గుద్దుకుంటుంది, కుడికి తిరిగితే వెనకబడిపోతుంది. పూర్తి చుట్టు తిరగాల్సిన బోర్డు దగ్గర పట్టీ బిగిసి ఇద్దరమూ తికమకపడుతున్నాం. లోపం దానిదా, నాదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లోపంలో ఎక్కువ భాగం మీ పాదాల్లోనూ భుజాల్లోనూ ఉంది, మిగిలినది కుక్క వెనక కాళ్లలో ఉంది. ఈ రెండింటినీ వేర్వేరుగా సరిదిద్దుకుని ఆ తరువాత కలిపితే మలుపులు కుదురుతాయి. రెండింటినీ ఒకేసారి, అదీ బోర్డుల మధ్య దిద్దబోతే మీరు రాసిన తికమకే మిగులుతుంది.

ఈ ఆట గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ర్యాలీ ఒబీడియన్స్‌ను అమెరికాలో చార్లెస్ ‘బడ్’ క్రేమర్ రూపొందించారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 జనవరి నుంచి ఇందులో నెగ్గిన కుక్కలకు బిరుదులు ఇస్తోంది. మైదానంలో వరుసగా బోర్డులు పెట్టి ఉంటాయి, ప్రారంభ స్థాయిలో అవి 10 నుంచి 15 వరకు ఉంటాయి. న్యాయనిర్ణేత బయలుదేరమని ఒక్క మాట చెప్పిన తరువాత, యజమాని కుక్కను ఎడమ పక్కన నడిపించుకుంటూ ప్రతి బోర్డు దగ్గరా దాని మీద ఉన్న పని చేయించి ముందుకు సాగిపోవాలి. మొత్తం 100 మార్కులలో 70 వస్తే ఉత్తీర్ణత. ప్రారంభ స్థాయిలో పట్టీ ఉంటుంది కానీ అది బిగిసిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది, ఒక బోర్డును మళ్లీ చేస్తే 3 మార్కులు పోతాయి. కుక్కతో ఎంతసేపైనా మాట్లాడవచ్చు, మెచ్చుకోవచ్చు, కానీ చేత్తో తాకకూడదు. మలుపులో దాన్ని నెట్టి, లాగి తిప్పే అలవాటుంటే ఇంటి దగ్గరే మానుకోవాలని చెప్పడానికి ఈ ఒక్క నియమం చాలు.

ఇక ఎడమ మలుపు సంగతి. కుక్క మీ ఎడమ పక్కన ఉంటుంది కనుక మీరు ఎడమకు తిరగడమంటే నేరుగా దాని మీదికి తిరగడమే. అది దారి ఇవ్వాలంటే తల తిప్పితే చాలదు, ముందు కాళ్లను దాదాపు ఉన్నచోటే ఉంచి, నడుము నుంచి వెనక భాగాన్నంతా తన కుడి వైపుకు, అంటే మీ కాలి వైపుకు, జరుపుకోవాలి. సాధారణంగా కుక్కకు ముందు కాళ్ల మీద ఉన్న ధ్యాస వెనక కాళ్ల మీద ఉండదు. తల ఎటు పోతే మిగతా ఒళ్లు దాని వెంటే వస్తుందని దాని లెక్క. అందువల్ల వెనక కాళ్లను విడిగా కదపవచ్చునన్న సంగతి దానికి నేర్పాలి. అది తెలియని కుక్క ఎడమ మలుపులో ముందుకే నడుస్తుంది, మీ మోకాలు దానికి అడ్డొస్తుంది.

దీన్ని నేర్పడానికి ఖరీదైన సామాను అక్కరలేదు. వంటింట్లో కూర్చునే పాత చెక్క పీట, మూడు నాలుగు అంగుళాల ఎత్తున్నది, ముందు కాళ్లు రెండూ సౌకర్యంగా ఆనేంత వెడల్పున్నది సరిపోతుంది. పైన జారకుండా రబ్బరు పట్టా ముక్క అతికించండి, పీట కూడా నేల మీద జరగకుండా చూసుకోండి. మొదట కుక్క ముందు కాళ్లు రెండూ పీట మీద పెట్టి నిలబడినప్పుడల్లా ‘భేష్’ అని ఒక చిన్న ముక్క తినిపించండి. అది పీట ఎక్కడానికి తానే ఉత్సాహపడే స్థితికి వచ్చాక మీరు దాని ఎదురుగా నిలబడి ఒక అడుగు పక్కకు జరగండి. మీ ముఖం చూడాలనే కోరికతో అది కూడా కొద్దిగా తిరుగుతుంది, తిరగాలంటే వెనక కాలు కదలక తప్పదు. ఆ వెనక కాలు కదిలిన క్షణంలోనే ‘భేష్’ అనాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా తల తిప్పినందుకు మెచ్చుకున్నట్టు అవుతుంది. ఈ కసరత్తు మొత్తానికి ప్రాణం ఆ మాట పడే సమయంలోనే ఉంది.

ఎదురుగా నిలబడి రెండు వైపులకూ తిప్పగలిగాక, మీరు నడకలో ఉండే చోటికి, అంటే దాని కుడి భుజం పక్కకు వచ్చి నిలబడండి. చిన్న అడుగుతో ఎడమకు కొద్దిగా తిరగండి. మీ ఎడమ కాలు దగ్గరకు రాగానే అది వెనక భాగాన్ని మీ వైపుకు లాక్కుని తిరిగి మీకు సమాంతరంగా నిలబడితే మీరు సగం గెలిచినట్టే. ఆ చిన్న తిరుగుడును మెల్లగా పావు చుట్టుకు, తరువాత అర చుట్టుకు పెంచండి. ఆపైన పీట స్థానంలో మడిచిన గోనెపట్టా, చివరికి ఏమీ లేని నేల. ఒక విడతకు రెండు మూడు నిమిషాలు మించవద్దు. వెనక కాళ్ల కండరాలకు ఇది కొత్త పని, మనసుకు కూడా అలసటే.

కుక్క పీట మీద నేర్చుకుంటున్న రోజుల్లో మీరు కుక్క లేకుండా నేర్చుకోవాలి. ఈ మాటకు చాలామంది నవ్వుతారు, కానీ నేను చూసినంతలో మలుపులు తొందరగా కుదిరినవాళ్లందరూ ఇది చేసినవాళ్లే. వాకిట్లో ముగ్గుపిండితో ఒక గీత, దాని చివర అడ్డంగా మరో గీత గీసుకుని, ఆ మూల దగ్గర పాదాలు ఎలా పడుతున్నాయో చూసుకుంటూ నడవండి. ఎడమ మలుపులో ఎడమ పాదాన్ని బారచాపి కుక్క ముందుకు వేయకూడదు. మూలకు ఒకటి రెండు అడుగుల ముందే నడక కొంచెం తగ్గించి, రెండు పాదాలనూ దగ్గరగా ఉంచి, చిన్న అడుగులతో తిరిగి, తిరిగాక మాత్రమే మామూలు అడుగు వేయాలి. అన్నిటికంటే ముందు తల తిరగాలి, తరువాత భుజాలు, ఆ తరువాత పాదాలు. కుక్క మీ పాదాల కంటే ముందుగా మీ భుజాల కదలికను గమనిస్తుంది కనుక ఈ వరుస దానికి ముందస్తు కబురు.

కుడి మలుపులో కథ తిరగబడుతుంది. అక్కడ కుక్క బయటి వైపున ఉంటుంది, మీరు నాలుగు అడుగులు వేసేలోగా అది అంతకంటే ఎక్కువ దూరం నడవాలి. కళ్లంలో బంతి తోలేటప్పుడు నడిమి గుంజ పక్కనున్న ఎద్దు చిన్న అడుగులతో దాదాపు ఉన్నచోటే తిరుగుతుంటే చివరి ఎద్దు పెద్ద పెద్ద అంగలు వేస్తూ పరుగు నడక నడిచేది గుర్తుందా, మీ ల్యాబ్రడార్ ఇక్కడ ఆ చివరి ఎద్దు. కాబట్టి దాన్ని మలుపుకు ముందే హుషారు చేయాలి, వెనకబడిన తరువాత కాదు. మూలకు చేరబోతుండగా ‘పద పద’ అని గొంతులో వేగం చూపి, మీ నడక తగ్గించకుండా తిరిగిపోండి. ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది: కుక్క వస్తోందో లేదోనని ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తారు. అలా చూడగానే ఎడమ భుజం వెనక్కి వాలుతుంది, కుక్క దాన్ని ఆగమన్న సైగగా తీసుకుని మరింత వెనకబడుతుంది. చూపు మీరు వెళ్లబోయే దిక్కున ఉంచండి, కుక్కను ఓరకంట చూస్తే చాలు.

తినిపించే చోటు కూడా ముఖ్యమే. కుక్క తల ఎక్కడ ఉండాలని మీరు కోరుకుంటారో అక్కడే, అంటే మీ ఎడమ ప్యాంటు కుట్టు పక్కన, ఎడమ చేత్తోనే తినిపించాలి. కుడి చేత్తో ఒంటికి అడ్డంగా తెచ్చి పెడితే అది తిండి కోసం మీ ముందుకు వంగి నడవడం నేర్చుకుంటుంది, అప్పుడు ఎడమ మలుపులో మోకాలికి తగలడం మళ్లీ మొదలవుతుంది. పట్టీని కుడి చేతిలో పట్టుకుని, అది మీ ఇద్దరి మధ్య వదులుగా కిందికి వంగి వేలాడేలా చూసుకోండి.

పూర్తి చుట్టును ఒక్కసారిగా ఇరుకుగా తిరగవద్దు. మొదట మూడు నాలుగు మీటర్ల వెడల్పైన వలయంలో తిరిగి, కుక్క పక్కన నిలిచి ఉన్నంతకాలమే దాన్ని కుదించుకుంటూ రండి. కుడి చుట్టులో కుక్క వేగం పెంచాలి, ఎడమ చుట్టులో తగ్గించాలి. ఎడమ చుట్టులో మీరు మామూలు వేగంతో నడుస్తూ దాన్ని ‘మెల్లగా’ అని నిదానం చేయాలి, పీట మీద నేర్చుకున్న వెనక కాళ్ల కదలిక అసలు పనికొచ్చేది ఇక్కడే. ఇక పోటీల్లో కొత్తవాళ్లను బాగా తడబెట్టేది ముప్పాతిక చుట్టు, అంటే 270 డిగ్రీల బోర్డు. కుడికి 270 డిగ్రీలు తిరిగినవాడు చివరకు ఎడమ దిక్కుకు బయలుదేరాలి, ఎడమకు తిరిగినవాడు కుడి దిక్కుకు పోవాలి. బోర్డు మీది బాణాన్ని చూసి తొందరపడి పావు చుట్టుతోనే వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, అలా వెళ్తే ఆ బోర్డుకు ఏకంగా 10 మార్కులు పోతాయి. ముగ్గు గీతల మీద కుక్క లేకుండా దీన్ని పాదాలకు అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే మైదానంలో ఆలోచించడానికి వ్యవధి ఉండదు, మీరు తటపటాయించి ఆగితే కుక్క కూర్చుండిపోతుంది.

ఇవన్నీ ఒక మాదిరిగా వచ్చాక మూడు నీళ్ల సీసాలలో ఇసుక పోసి 6 నుంచి 8 అడుగుల ఎడంతో ఒకే వరుసలో పెట్టండి. కుక్క బయటి వైపున ఉండేలా మూడింటినీ చుట్టి, తరువాత రెండింటిని, తరువాత ఒక్కదాన్ని చుట్టిరండి. దీన్ని స్పైరల్ అంటారు. వెడల్పు మలుపు నుంచి ఇరుకు మలుపుకు క్రమంగా వచ్చే ఈ నడక, విడివిడిగా ఎన్ని మూలలు తిరిగినా రాని ఒడుపును ఇద్దరికీ నేర్పుతుంది. ఎక్కడైనా కుక్క రెండుసార్లు వరుసగా వెనకబడితే మలుపును వెడల్పు చేయండి, మూడోసారి అదే తప్పు చేయించవద్దు.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ ఆడకుక్కకు పద్నాలుగు నెలలు. దానికి గిరికీ కొట్టడం నేర్పుతున్నాం. ఎడమకైతే గిర్రున తిరుగుతుంది, కుడికి మాత్రం సగంలో ఆగిపోతుంది. పైగా ఇప్పుడు అన్నం గిన్నె చూసినా, గేటు తీసినా దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరికీ అది సరదాగా ఉంది. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఒకవైపే బాగా తిరగడం మామూలు విషయమే. మనుషుల్లో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్టే కుక్కల్లోనూ చాలావాటికి ఒక పక్క మొగ్గు ఉంటుంది. రాని వైపును ముందు, వచ్చిన వైపును తరువాత చేయించండి. రాని వైపు పూర్తి గిరికీ అడగకుండా పావు చుట్టుకే మెచ్చుకోవడం మొదలుపెట్టి, అది నిబ్బరంగా వచ్చాక సగానికి, ముప్పాతికకు పెంచండి. తిండి పట్టుకున్న చేయి దాని ముక్కు ఎత్తులోనే, ముక్కుకు దగ్గరగా, నేలకు సమాంతరంగా కదలాలి. చేయి పైకి లేస్తే అది కూర్చుంటుంది లేదా ఎగురుతుంది. షెపర్డ్ ఒళ్లు పొడవైనది కనుక వలయం మీరు అనుకున్నదానికంటే వెడల్పుగా ఉండాలి. చేయి చాలా ఇరుకుగా తిరగడం వల్లనే అది సగంలో ఆగిపోతూ ఉండవచ్చు. నాలుగైదు సార్లు తిండితో తిప్పాక, అదే చేయి ఖాళీగా తిప్పి తిండిని రెండో చేత్తో ఇవ్వండి. లేకపోతే చేతిలో ముక్క కనిపిస్తే తప్ప కదలని కుక్క తయారవుతుంది. రెండు వైపులకూ వేర్వేరు మాటలు పెట్టుకోండి, ఒకదానితో ఒకటి కలవని శబ్దాలు ఎంచుకోండి. మీరు నడకలో మలుపులకు ‘కుడి’, ‘ఎడమ’ అని చెబుతుంటే గిరికీలకు ఆ మాటలు వాడవద్దు.

నడకలో మీ ఎడమ పక్కన ఉన్నప్పుడు గిరికీ చేయించాలనుకుంటే ముందుగా ఎడమ గిరికీ నేర్పండి. అది మీ నుంచి అవతలికి తిరుగుతుంది, మీ కాళ్లు అడ్డురావు. కుడి గిరికీలో దాని తల మీ కాళ్ల వైపుకే వస్తుంది కనుక మీరు సగం అడుగు పక్కకు తప్పుకుని చోటివ్వాలి. నేను అనుకోవడం, మీ కుక్క కుడికి ఆగిపోవడానికి వాటంతో పాటు ఇది కూడా కారణమై ఉంటుంది, మీరు ఎక్కడ నిలబడి చేయిస్తున్నారో రాయలేదు. ఎదురుగా నిలబడి ప్రయత్నించి చూడండి.

దానంతటదే తిరగడం విషయంలో మాత్రం ఇంట్లోవాళ్ల సరదాను ఆపించండి. చెప్పకుండా తిరిగినప్పుడు నవ్వడం, చూడడం, అన్నం గిన్నె దించడం అన్నీ దానికి బహుమతులే. చెప్పి తిప్పినప్పుడు మాత్రమే మెచ్చుకోలు దక్కాలి. గిన్నె దగ్గర తిరిగితే గిన్నెను మళ్లీ పైకెత్తి, నాలుగు కాళ్లూ నేలమీద నిలిచాకే పెట్టండి. జర్మన్ షెపర్డ్, బుల్ టెర్రియర్ వంటి జాతుల్లో తోక వెంట తిరగడం వ్యసనంలా ముదిరే అవకాశం ఉంది కాబట్టి ఈ హెచ్చరిక మీకు ప్రత్యేకంగా చేస్తున్నాను. పిలిచినా ఆగకపోవడం, తిండి చూపినా మానకపోవడం, తోక కొరుక్కోవడం కనిపిస్తే శిక్షణ కట్టిపెట్టి పశువైద్యుణ్ణి కలవండి.

వయసు గురించి కూడా ఒక మాట. పెద్ద జాతి కుక్కల ఎముకలు ఎదిగి గట్టిపడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర, కొన్నిటికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పద్నాలుగు నెలలకు మలుపులు, పీట మీద నిదానంగా తిరగడం నిరభ్యంతరంగా చేయించవచ్చు కానీ, వేగంగా వరుసబెట్టి గిరికీలు కొట్టించవద్దు. ఒక విడతలో ప్రతి వైపుకూ రెండు మూడు చాలు, మధ్యలో తిన్నగా నాలుగు అడుగులు నడిపించండి.

ప్రశ్న: వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లను పెంచాము, ఇప్పుడు దానికి మూడేళ్లు. ఇటువంటి కుక్క ర్యాలీకి పనికొస్తుందా? సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మిద్దె మీద సాధన చేయిస్తున్నాను. పది నిమిషాలకే రొప్పుతూ, మలుపుల్లో కాళ్లు ఈడుస్తోంది. బద్ధకమా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పనికొస్తుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారే 2010 నుంచి మిశ్రమ జాతి కుక్కలను కూడా ర్యాలీలోకి అనుమతిస్తున్నారు. తేలికైన ఒళ్లు, పొడవైన కాళ్లు ఉన్న మన నాటు కుక్క ఇరుకు మలుపుల్లో బరువైన జాతి కుక్కల కంటే చురుకుగా తిరుగుతుంది కూడా.

బద్ధకమని తీర్మానించే ముందు మిద్దె మీద చేయి ఆనించి చూడండి. రోజంతా కాగిన సిమెంటు పొద్దుగూకిన తరువాత కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్క పాదాలు పెట్టకూడదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి ఒంటి వేడి దించుకునే ప్రధాన మార్గం. మన వైపు చైత్రం నుంచి రోహిణి కార్తె దాటేదాకా, సముద్రపు ఉక్కపోత కూడా తోడైన రోజుల్లో, ఆ మార్గం కూడా సరిగా పనిచేయదు. సాధనను తెల్లవారుజాముకు మార్చండి, ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే ముగించండి. నాలుక బాగా వెడల్పై బయటకు వేలాడడం, చిక్కటి చొంగ, తూలు నడక కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచి, పశువైద్యుడికి ఫోన్ చేయండి.

నేల విషయంలో మట్టినేల, పొట్టి గడ్డి అన్నిటికంటే మేలు. నున్నటి టైల్స్ మీద మలుపులు అసలే వద్దు, వెనక కాళ్లు జారి తొడ కండరాలు పట్టేస్తాయి. సముద్రపు ఒడ్డుకు వెళ్లే వీలుంటే అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీద చేయించండి, పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోయి ప్రతి మలుపూ రెట్టింపు శ్రమవుతుంది. గోళ్లు నేలకు టకటకా తగులుతుంటే కత్తిరించండి, పొడుగు గోళ్లతో ఏ కుక్కా పట్టుగా తిరగలేదు. కడుపు నిండా తిన్న వెంటనే సాధన వద్దు. ఇచ్చే ముక్కలు ఉడికించిన కోడి మాంసం, గుడ్డు, లివరు వంటివి, వేలి గోరంత చాలు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కలిసిన కూర ఏదీ పెట్టవద్దు.

చల్లటి వేళ, మెత్తటి నేల మీద కూడా కాళ్లు ఈడిస్తే అది నొప్పి కావచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరమూ కావచ్చు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూసి, చిగుళ్లు పాలిపోయినట్టు అనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. హఠాత్తుగా మొండికేసిన కుక్కను ముందు వైద్యుడికి చూపించి, ఆ తరువాతే శిక్షణ సంగతి ఆలోచించాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా డాక్స్‌హుండ్‌కు ఎనిమిదేళ్లు. పిల్లలు దానికి గిరికీలు నేర్పాలని పట్టుబడుతున్నారు. నేర్పవచ్చా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: గిరికీలు వద్దు. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు ఎక్కువ, ఇరుకుగా మెలితిరగడం వెన్నుకు మంచిది కాదు. పీట కసరత్తు కూడా మానేయండి. దాని బదులు పిల్లలను వెడల్పైన మలుపులు, మధ్యలో ఆగి కూర్చోబెట్టడం, నడక వేగం పెంచడం తగ్గించడం వంటి బోర్డులు రాసుకోమనండి. ర్యాలీలో అటువంటివి బోలెడున్నాయి. దాన్ని ఎత్తుకునేటప్పుడు మాత్రం ముందు కాళ్ల కింద ఒక చేయి, వెనక భాగం కింద ఒక చేయి ఉంచాలని వాళ్లకు చెప్పండి.